ఓటు వేశాక పౌరుడి పనేంటి?

ప్రాథమిక విధుల్లో ఓటు వేయడం ఒకటనుకుని పోటీ పరీక్షల్లో మార్కు పోగొట్టుకునే అభ్యర్థులు తక్కువేం కాదు. ఆ విధులను చెప్పే రాజ్యాంగం 51ఎ అధికరణలో ఓటు ఊసే లేదు. పన్ను చెల్లింపూ లేదు. విధులను సిఫార్సు చేసిన స్వరణ్ సింగ్ కమిటీ సూచించినా పన్ను చెల్లింపును చేర్చలేదు. 1976లో 42వ సవరణ 10 విధులను తెచ్చింది. 2002లో 86వ సవరణ పదకొండోది కలిపింది: 6–14 ఏళ్ల పిల్లలకు తల్లిదండ్రులు, సంరక్షకులు చదువుకునే అవకాశం కల్పించడం. వీటిని పాటించలేదని నేరుగా కోర్టుకు ఈడ్చలేరు.

విధుల జాబితా కంఠతా వస్తే సరిపోదు. పౌరుడు పాలనను నిలదీసే అసలు చోటు గ్రామసభ. 73వ సవరణ దీనికి రాజ్యాంగ హోదా ఇచ్చింది (243ఎ). ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ ఇందులో సభ్యులే. సర్పంచిలా ఎన్నిక కానక్కర్లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనుల సామాజిక తనిఖీని ఈ సభకే అప్పగించింది. మస్టర్లో (కూలీల హాజరు పట్టీలో) వేలిముద్ర ఎవరిది, కూలి ఎవరికి ముట్టింది అని ఊరివాళ్లే అందరిముందూ అడగొచ్చన్నమాట. దీన్ని పెద్ద ఎత్తున అమలు చేసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశం దృష్టిని ఆకర్షించింది. మెయిన్స్ జవాబులో ఈ ఉదాహరణ రాస్తే బరువు పెరుగుతుంది.

ఇలా సభలో నిలదీయడానికి లెక్కలు చేతికి రావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. అమల్లోకి వచ్చింది 2005 అక్టోబరు 12న. మామూలు దరఖాస్తుకు జవాబిచ్చే గడువు 30 రోజులు. ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించిందైతే 48 గంటలు.