ఒంటరిగానున్న మతిమరుపు పెద్దలు

ముసలితనమందు తన్ను విడువవద్దని కీర్తనకారుడు దేవుని వేడుకొనెను (71వ కీర్తన, 9వ వచనము). పిల్లలు పట్టణములకు పోగా మన పల్లెలలో ఒంటరిగా మిగిలిన పెద్దలలో కొందరికి డిమెన్షియా కలుగుచున్నది. ఇది మెదడు జబ్బు. దయ్యమని చెప్పి మందులు మాన్పించుటకు మేము ఒప్పుకొనము. ప్రార్థింతము, ఆసుపత్రికిని తీసికొనిపోదము. థైరాయిడు లోపము వలన, బి12 విటమిను కొరత వలన వచ్చు మరపు మందులతో తగ్గవచ్చును. ఒక్క రాత్రిలో మతి తప్పినయెడల అది జ్వరము వలననో మూత్రపు జబ్బు వలననో కావచ్చును, జాగు చేయరాదు.

ఇంటిలో పొయ్యియొద్ద భయము పెద్దది. ఎసరు పెట్టి మరచిపోవుదురు. వంట బొత్తిగా మాన్పింప నక్కరలేదు. పొరుగువారు దగ్గరనున్న వేళ వండనిచ్చి, పిమ్మట సిలిండరు రెగ్యులేటరు కట్టివేయవలెను. మాత్రలు ఏ పూటవి ఆ పూటనే చేతికియ్యవలెను. ప్రొద్దు గ్రుంకువేళ కలవరము హెచ్చి, ఎనుబదేండ్ల అవ్వ పుట్టింటికి పోవుదునని బయలుదేరును. వాదింపకుడి. నాలుగడుగులు తోడు నడచి, మాట మరల్చి వెనుకకు తీసికొనిరండి. బయట తాళము వేయుట మాత్రము కూడదు. నిప్పంటుకొనినచో లోపలివారు ఎటు పోగలరు? రవికె లోపల ఊరిపేరు, ఫోను నంబరు కుట్టుడి. నూతికి మూత వేయించుడి.

తప్పిపోయినచో తెల్లవారువరకు ఆగక 112కు ఫోను చేయుడి. వృద్ధుల ఇతర సహాయమునకు 14567 ఉన్నది. ఆదివారపు పలకరింపు చాలదు గనుక, స్త్రీల సమాజమువారు ఇండ్లు పంచుకొని, ఉదయమొకరు సాయంకాలమొకరు తలుపు తట్టునట్లు ఈ నెలలోనే పేర్లు వ్రాసికొనవలెను.