మైకు సెట్టు వెనుక 4, 8, 16

ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళి బోనాలకూ, భాద్రపదంలో వినాయక చవితికీ సికింద్రాబాదు వీధుల్లో మైకు సెట్లు మోగుతాయి. ఈసారి అటు వెళ్ళినప్పుడు ఆంప్లిఫయరు వెనుక భాగం చూడండి. వరుసగా బిగించిన మరల పక్కన 0, 4, 8, 16 అనే అంకెలుంటాయి. చివర 100 వోల్టులు అని కూడా ఉంటుంది. హారను తీగల్లో ఒకటి 0కీ, రెండోది మిగతావాటిలో ఒకదానికీ బిగిస్తారు. దేనికి బిగిస్తే ఏం అనుకుంటున్నారా? తప్పు మరకు బిగిస్తే శబ్దం తగ్గుతుంది, గొంతు చెడుతుంది. అసలు బిగించకపోతే పాత వాల్వు సెట్టు కాలిపోయేది కూడా!

నా చిన్నతనంలో మా వీధి మండపంలో అదే జరిగింది. పాట మధ్యలో హారను తీగ ఊడిపోయింది. శబ్దం ఆగింది గనుక సెట్టుకు విశ్రాంతే అనుకొని ఎవరూ స్విచ్చి ఆపలేదు. ఇంతలో సెట్టు పెట్టెలోంచే సన్నగా పాట వినిపించసాగింది. వింతగా విన్నాం. కాసేపటికి కాలిన వాసన వచ్చింది. ఆ రాత్రి ఇక పాటలు లేవు.

బరువు మోయనప్పుడు సెట్టు కాలిపోవడమేమిటి? చూద్దాం.

వాల్వు ఒక తీరు, స్పీకరు ఒక తీరు

వాల్వు అంటే గాలి తీసేసిన గాజు గొట్టం. అందులో వేడెక్కిన కాథోడు నుంచి ఎలక్ట్రాన్లు ఆనోడుకు ప్రయాణిస్తాయి. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ ప్రారంభించింది. ఇఎల్ 84 అనే ప్రసిద్ధమైన వాల్వును తీసుకుందాం. దాని ఆనోడుకు 250 వోల్టులిస్తే ప్రవహించేది 48 మిల్లీ ఆంపియర్లే. అంటే వాల్వుది ఎక్కువ వోల్టేజి, తక్కువ ప్రవాహం.

స్పీకరు సంగతి సరిగ్గా తలకిందులు. దాని తీగచుట్ట ఏకాంతర విద్యుత్తుకు చూపే అడ్డును అవరోధం లేదా ఇంపెడెన్స్ అంటాం. అది 8 ఓములైతే, 5 వాట్ల శబ్దశక్తికి సుమారు 6.3 వోల్టులు, 0.8 ఆంపియరు కావాలి. స్పీకరుది తక్కువ వోల్టేజి, ఎక్కువ ప్రవాహం.

ఈ వాల్వు బాగా పనిచేయాలంటే దానికి ఎదురుగా సుమారు 5000 ఓముల అవరోధం ఉండాలి. మన దగ్గరున్నదేమో 8 ఓములు. లోడు లారీ గట్టు ఎక్కేటప్పుడు డ్రైవరు గేరు మారుస్తాడు కదా! ఇక్కడ ఆ గేరు పని చేసేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు.

పాతిక ఇంటూ పాతిక

ప్రధాన తీగచుట్టలో 2500 చుట్లు, గౌణ తీగచుట్టలో 100 చుట్లు ఉన్నాయనుకోండి. నిష్పత్తి 25. గౌణంలో వోల్టేజి 25వ వంతుకు తగ్గుతుంది, ప్రవాహం 25 రెట్లు పెరుగుతుంది. వోల్టేజిని ప్రవాహంతో భాగిస్తే వచ్చేదే అవరోధం. కనుక అది 25 × 25, అంటే 625 రెట్లు మారుతుంది. 8 ఓములను 625తో గుణించండి. సరిగ్గా 5000!

మరి 16 ఓముల హారను తెస్తే? దాన్ని 8 మరకే బిగిస్తే వాల్వుకు 10,000 ఓములు కనిపిస్తాయి. 4 ఓముల హారనైతే 2500. ఒక మెట్టు తేడాకు సెట్టు వెంటనే పాడవదు గాని, శక్తి తగ్గి శబ్దం చెడుతుంది. అందుకే గౌణ తీగచుట్ట నుంచి వేర్వేరు చోట్ల కొసలు బయటికి తీస్తారు. వీటినే ట్యాపులంటారు. మన ఉదాహరణలో 4కు సుమారు 71 చుట్లు, 8కి 100, 16కు 141. హారను ఏదైనా, దాని అంకెకే బిగిస్తే వాల్వుకు కనిపించేది ఎప్పుడూ 5000 ఓములే.

హారను ఊడిపోతే

పారే కుళాయిని ఒక్కసారిగా కట్టేస్తే గొట్టం దడాలుమంటుంది. నీటి వేగం ఎటూ పోలేక పీడనంగా మారుతుంది. ట్రాన్స్‌ఫార్మరులోనూ ఇంతే. వాల్వు ప్రవాహాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ శక్తిని తీసుకోవడానికి స్పీకరు లేకపోతే ప్రధాన తీగచుట్టలో వోల్టేజి వేల వోల్టులకు ఎగబాకవచ్చు. తీగల మీది పూత చిట్లి నిప్పురవ్వలు పుడతాయి. మేము విన్న సన్నని పాట ట్రాన్స్‌ఫార్మరు రేకుల కంపనమే. అది హెచ్చరిక అని మాకు తెలియలేదు!

నేటి సెట్లలో ఎక్కువగా ట్రాన్సిస్టర్లే ఉంటాయి. వీటికి మామూలుగా తీగ ఊడితే భయం లేదు. రెండు తీగలూ కలిసిపోతేనే ప్రమాదం.

వీధి చివరి హారను

వీధి చివర వరకూ లాగిన తీగకు రానూ పోనూ 4 ఓముల నిరోధం ఉందనుకోండి. 8 ఓముల హారను కడితే మొత్తం 12. మూడో వంతు శక్తి తీగలోనే వేడిగా పోతుంది. 100 వోల్టుల మర ఉన్నది ఇందుకే. 50 వాట్ల సెట్టుకు ఆ మర దగ్గర ఉండాల్సిన అవరోధం 100 × 100 ÷ 50, అంటే 200 ఓములు. ఇప్పుడు అదే తీగలో పోయేది సుమారు 2 శాతమే. ఒక్కో హారనుకు 5 వాట్ల చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడితే ఒక్కొక్కటి 2000 ఓములు. పదింటిని సమాంతరంగా కలపండి, 200 ఓములు!

మీరు చేయండి

మీటరుతో 8 ఓముల స్పీకరును కొలవండి. 6, 7 ఓములే చూపిస్తుంది. మీటరు పంపేది ఏకముఖ విద్యుత్తు గనుక తీగ నిరోధం మాత్రమే తెలుస్తుంది. వాల్వు సెట్టును మాత్రం విప్పకండి. ఆపిన తర్వాత కూడా కండెన్సర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

చివరగా ఒక లెక్క. 16 ఓముల హారన్లు నాలుగు ఉన్నాయి. వాటిని సమాంతరంగా కలిపితే ఏ మరకు బిగిస్తారు? జవాబు 4 అని వచ్చిందా? అయితే ఈసారి మండపంలో మైకు సెట్టాయన పక్కన నిలబడి చూడండి. ఆయన చేతులు చేస్తున్న లెక్క మీకు అర్థమవుతుంది.