కొలువుకు పోయే పిల్లలకు

గ్రూప్స్‌కు చదివే పిల్లలు ధర్మపురి గోదావరి గడ్డన కనబడితే "తాతా, సర్కారు కొలువుల ఏం నేర్చుకున్నరు?" అని అడుగుతుంటారు. రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ణి, నా సంగతులు నాకున్నాయి. కానీ కొలువంటే నాకు యాదికొచ్చేది నవాబ్ అలీ యావర్ జంగ్. నిజాం సర్కారులో పెద్ద అధికారి, తర్వాత స్వతంత్ర భారత రాయబారి.

1. దొర మారినా దస్త్రం మారదు.

మా ఆఫీసు బీరువాలో 1954-55 ఖాస్రా పహాణీలుండేవి. ఉర్దూ రాత, పట్టుకుంటే పొడిపొడిగా రాలే అంచులు. అన్నదమ్ములు ఎంత గొంతు చించుకున్నా, ఆ పేజీ తిప్పి సర్వే నంబరు మీద వేలు పెడితే సగం లొల్లి తగ్గేది. 1984లో పట్వారీలు పోయారు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2016లో మా జిల్లా కరీంనగర్ కాదు, జగిత్యాల అన్నారు. పేజీ మాత్రం అదే.

2. కుర్చీ పోయినా సరే, మాట నిలబడాలె.

1947 అక్టోబరులో భారత్‌తో చేసుకోవాల్సిన యథాతథ ఒప్పందానికి నిజాం ఒప్పుకున్న ముసాయిదాను ఢిల్లీకి తీసుకుపోవాల్సిన బృందంలో ఛత్తారీ నవాబు, సర్ వాల్టర్ మాంక్టన్, సుల్తాన్ అహ్మద్‌లతో పాటు అలీ యావర్ జంగ్ ఉన్నాడు. 27 తెల్లవారుజామున రజాకార్ల నాయకుడు రజ్వీ మనుషులు వాళ్ల ఇళ్లను చుట్టుముట్టారు. బృందం రాజీనామా చేసింది. కొత్త బృందం పోయింది. నవంబరు 29న నిజాం చివరికి సంతకం పెట్టింది దాదాపు ఆ ముసాయిదా మీదే! మరుసటేడు హైదరాబాద్ మీద పోలీసు చర్య జరిగాక అలీ యావర్ మళ్లీ ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయ్యాడు. నవాబులంటే నాకేం మోజు లేదు, వెట్టి సంగతులు ఇంట్లో విని పెరిగినవాణ్ణి. అయినా కుర్చీ వదులుకున్న ఈ ఒక్క పనికి ఆయనకు దండం పెడతాను.

3. బోర్డు చూసి పనిని తూచకండి.

హెర్బర్ట్ ఫిషర్ అనే జర్మన్ 1930ల్లో గాంధీని వెతుక్కుంటూ వార్ధా వచ్చాడు. మన ఆదిలాబాద్‌కు ఉత్తరాన ఉన్న వార్ధాయే. యుద్ధం రాగానే ఇంగ్లీషువాళ్లు శత్రుదేశస్థుడని నిర్బంధించారు. స్వదేశం పోయాక సోషలిస్టు తూర్పు జర్మనీ విదేశాంగ శాఖలో చేరి మళ్లీ ఢిల్లీ వచ్చాడు గానీ, రాయబారిగా కాదు, వాణిజ్య ప్రతినిధిగా. తూర్పు జర్మనీని గుర్తించిన దేశంతో తెగదెంపులే అన్నది పశ్చిమ జర్మనీ పంతం. 1957లో యుగోస్లావియా గుర్తించగానే దానితో సంబంధం తెంచుకుంది. మరుసటేడు అలీ యావర్ జంగ్ మన రాయబారిగా పోయింది ఆ బెల్‌గ్రేడ్‌కే. గుర్తింపు ఖరీదెంతో దగ్గరి నుంచే చూసి ఉంటాడు. మన దేశం 1972 అక్టోబరులో గుర్తించాకే ఫిషర్ తొలి రాయబారి అయ్యాడు. అంతవరకు వాణిజ్యం బోర్డు కింద చేసింది రాయబారం పనే. ఆయన కొలువు చేసిన దేశమే 1990లో లేకుండా పోయింది. 2003లో మన సర్కారు ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది.

4. దెబ్బ తగిలిందని బదిలీ అడగకండి.

సూయజ్ గొడవప్పుడు కైరోలో మన రాయబారి అలీ యావరే. అక్కడ ఆయన మీద చెయ్యి పడలేదు. 1965లో అలీగఢ్‌కు వైస్ ఛాన్సలర్‌గా పోతే మాత్రం విద్యార్థులు ఘోరంగా కొట్టారు. కోలుకుని 1968 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. మన దగ్గర మండలాఫీసు ముందు నలుగురు ధర్నాకు కూర్చుంటే చాలు, డిప్యుటేషన్ వెతుక్కునేవాళ్లను చూశాను. తర్వాత ఆయన అమెరికాలో రాయబారి, మహారాష్ట్రకు గవర్నరు. 1976లో పదవిలో ఉండగానే పోయాడు.

5. బిట్లు బట్టీ పట్టకండి.

యథాతథ ఒప్పందం తేదీ చెప్పమంటే అందరూ టక్కున చెప్తారు. ఒప్పందం చదివినవాడు మాత్రం నాకింతవరకు తగల్లేదు. ఉన్నవి ఐదే అధికరణలు. ఈ రాత్రే చదవండి బిడ్డలారా, రేపు గడ్డన కూర్చుని మాట్లాడుకుందాం.