అంగడి లేనివారి చిరునామా

వర్తకమనగానే మనకు ముందుగా స్ఫురించునది అంగడి. వీథివైపు తెరచిన తలుపు, పైన పేరుపలక, లోపల గల్లాపెట్టె ఉన్ననే అది వ్యాపారమని తలచుట మనకు అలవాటు. కాని మన పెద్దలు పెరిగిన వీథులను జ్ఞప్తికి తెచ్చుకొనినచో అంగడి లేని వృత్తులే హెచ్చుగా కనబడును. మలారము భుజాన వేసికొని వచ్చు గాజులవాడు, కత్తులకు సానపట్టువాడు, పాత్రలకు కళాయి వేయువాడు, పంచాంగము చంకనిడుకొని వచ్చు పురోహితుడు, పెండ్లిండ్లకు గరిటెలతో వచ్చు వంటవారు - వీరిలో నెవ్వరికిని దుకాణము లేదు. వారి కేకయే వారి పేరుపలక. గాజులవాని చిరునామా యేదని అడిగినచో “శుక్రవారము వచ్చును” అని జవాబు చెప్పెడివారు. అతనికి స్థలము కాక కాలమే చిరునామాగా నుండెడిది.

ఆ వృత్తులలో కొన్ని పోయినవి. కొన్ని రూపు మార్చుకొనినవి. క్రొత్తవి చాల వచ్చినవి. కుళాయిలు బాగుచేయువారు, విద్యుత్పని చేయువారు, నీటి ఫిల్టర్లు శుభ్రపరచువారు, ఇంటికి వచ్చి పాఠములు చెప్పువారు, ఇంటిలో పచ్చళ్ళు పెట్టి ఇంటింటికి అందించు గృహిణులు - వీరును అంగడి లేనివారే. అయితే నేటి నగరమున పదునాలుగవ అంతస్తునకు కేక వినబడదు. వినబడినను గేటువద్ద కావలివాడు లోనికి పోనీయడు. కావున అవసరము గలవారు ఫోనులో వెదకుచున్నారు. వెదకు విధానమో స్థలము నాధారము చేసికొని యేర్పడినది. స్థలమునుబట్టి వెదకు పుస్తకములో స్థలము లేనివారి నెట్లు వ్రాయవలెను? ఈ ప్రశ్ననే ఈ వ్యాసమున కొంత విచారింపదలచితిమి. ఇది పిల్లల పత్రికలో నేల యని కొందరు అడుగవచ్చును. నేడు తాతగారికిని, పినతల్లికిని ఈ ఫారములు నింపి పెట్టువారు మన పై తరగతుల విద్యార్థులే గనుక!

మొదట ఈ పుస్తకముల సంగతి. టెలిఫోను డైరెక్టరీల వెనుక పసుపుపచ్చని పుటలలో వృత్తులవారీగా పేర్లుండెడివి. 1996లో ముంబయిలో వి.ఎస్.ఎస్. మణి గారు స్థాపించిన జస్ట్‌డయల్ సంస్థ ఆ పనిని టెలిఫోనుపై నోటిమాటగా మార్చెను. 2005లో గూగుల్ పటములు వచ్చినవి. 2014లో వర్తకులు తమ వివరములను తామే వ్రాసికొనుటకు గూగుల్ మై బిజినెస్ అను ఏర్పాటు జరిగెను. 2021నుండి దానికి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అని పేరు. ఇట్టి పట్టికలు మరికొన్ని కలవు గాని, హెచ్చుమంది చూచునది ఇదియే గనుక దీనినే ఉదాహరణముగా తీసికొందుము. దీనిలో పేరు నమోదు చేయుటకు రుసుము లేదు. గూగుల్ నుండి మాట్లాడుచున్నామని ఫోను చేసి నమోదునకు డబ్బడుగువారు మోసగాండ్రని మాత్రము గుర్తుంచుకొనవలయును.

ఈ పట్టిక యెవరిని ముందు చూపును, ఎవరిని వెనుక చూపును? గూగుల్ వారు మూడు సంగతులు చెప్పుచున్నారు. వెదకినవారి మాటకును వర్తకుని పనికిని గల సంబంధము మొదటిది, దూరము రెండవది, ప్రసిద్ధి మూడవది. అంగడి గలవానికి ఈ మూడును సులభముగా కొలువబడును. అంగడి లేనివానికి రెండవదియే చిక్కు. అతడు ఉదయము ఒక పేటలో, సాయంకాలము మరియొక పేటలో నుండును. దూరము ఎక్కడనుండి లెక్కింపవలెను?

దీనికై వారు వర్తకులను తెగలుగా విభజించిరి. తన చోటికి వినియోగదారులు వచ్చునట్టివాడు ఒక తెగ. అతడు చిరునామా చూపవలెను. తానే వారి యిండ్లకు పోవువాడు, లేదా సరకును వారి యిండ్లకు చేర్చువాడు రెండవ తెగ. అతడు తన చిరునామాను దాచి, తాను పనిచేయు ప్రాంతములను మాత్రము చూపవలెను. కూర్చుండి తినుటకు చోటుండి, ఇండ్లకును పంపు హోటలు వంటిది ఈ రెంటి కలయిక; అది చిరునామాను, ప్రాంతములను రెంటిని చూపవచ్చును. ఇక ఎవ్వరినిని ముఖాముఖి కలియక కేవలము అంతర్జాలముననే అమ్మువానికి ఈ పట్టికలో చోటు లేదు. కొందరికిది కఠినముగా తోచవచ్చును గాని, పటము మీది పుస్తకమున మనిషి మనిషిని కలియని వ్యాపారమునకు పని లేదనుట న్యాయమే.

చిరునామా దాచుట యనగా గూగుల్ వారికిని చెప్పకుండుట కాదు. వారికి తెలుపవలెను, లోకమునకు చూపనక్కరలేదు. పటము మీద గుండుసూది గుర్తు ఉండదు; ప్రాంతపు ఎల్ల మాత్రము గీయబడును. ఇది చిన్న సంగతి యని తలచువారు ఇంటినుండి పనిచేయు స్త్రీల నడిగి చూడవలెను. మా యెరుకలోని ఒక గృహిణి గోంగూర, ఆవకాయ పెట్టి చుట్టుప్రక్కల వారికి అందించుచుండెను. ఆమె ప్రొఫైలులో ఇంటి సంఖ్యతోకూడ చిరునామా పడినది. రాత్రి తొమ్మిది గంటలకు అపరిచితులు తలుపు తట్టి “అంగడి మూసితిరా?” అని అడుగసాగిరి. వారి తప్పేమున్నది? పటము చూపిన దారినే వారు వచ్చిరి. చిరునామా దాచిన తరువాత ఆ యింటిలో నెమ్మది కలిగినది. పచ్చళ్ళ గిరాకి తగ్గలేదు.

ప్రాంతములను వ్రాయుటలో కొన్ని కట్టుబాట్లు కలవు. ఇరువదింటికి మించి వ్రాయరాదు. ఇన్ని మైళ్ళ చుట్టుకొలత యని చెప్పుటకు వీలులేదు. ఊరి పేరో, పేట పేరో, పిన్‌కోడో వ్రాయవలెను. మల్లేశ్వరమునకు 560003, మారతహళ్ళికి 560037 అను విధముగ. ఆ ప్రాంతము మొత్తము తన నెలవునుండి సుమారు రెండు గంటల ప్రయాణమునకు మించరాదని మరియొక నియమము. ఈ రెండు గంటల మాట బెంగళూరు ఎరుగనివారు వ్రాసినట్లు తోచుచున్నది. సాయంకాలము మల్లేశ్వరమునుండి వైట్‌ఫీల్డు చేరుటకే రెండు గంటలు పట్టు దినములు కలవు! ఇరువది పేర్లు చేర్చినంతమాత్రమున ఇరువదిచోట్లను ముందు వరుసలో కనబడుదుమని కూడ తలపరాదు. ఆ పట్టిక “వీరు మీ యింటికి రాగలరు” అని వెదకువారికి చెప్పుటకే. దూరమును చెరిపివేయుటకు కాదు.

ఇక్కడనే ప్రలోభము పుట్టును. “పేటపేటకు ఒక చిరునామా ఉన్నట్లు చూపిన నేమి?” అని. దీనికి మా పాఠశాలలో పదవ తరగతి చదువు ఒక బాలుని తాతగారి కథ చెప్పవలసియున్నది. ఆయన మల్లేశ్వరమున ముప్పది యేండ్లుగా తెలుగువారి పెండ్లిండ్లకును, శుభాశుభ కార్యములకును వంటలు చేయించుచున్నారు. వంట పెండ్లివారి కల్యాణమండపముననో, ఇంటిముంగిటనో జరుగును. ఆయనకు అంగడి యేల? పూర్వము ఒక పెండ్లిలో భోజనము చేసినవారే మరియొక పెండ్లికి పిలిచెడివారు. ఇటీవల విజయవాడ, కర్నూలు ప్రాంతములనుండి ఉద్యోగములకై వచ్చి మారతహళ్ళి, వైట్‌ఫీల్డు వైపున కాపురమున్న తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. వారికి ఈయన తెలియరు. ఈయనకు వారు తెలియరు. వారు ఫోనులో “తెలుగు వంటవారు” అని వెదకుదురు.

ఒక మధ్యవర్తి వచ్చి, కొన్ని వేల రూపాయలు తీసికొని, నగరము నడుమనున్న ఒక వాణిజ్యభవనపు చిరునామాతో ప్రొఫైలు తెరచెను. అంతటితో ఊరకుండక జయనగరమునకు ఒకటి, ఇందిరానగరమునకు ఒకటి, మరి రెండు చోట్లకు రెండు, వేర్వేరు పేర్లతో సృష్టించెను. పేర్లన్నిటికి “ఉత్తమమైన”, “అతి చౌక” అను తోకలు తగిలించెను. ఒకనాడు పెండ్లికూతురి తండ్రి గారు విందు మాటలాడుటకు ఆ భవనమునకు పోగా అక్కడ సెల్‌ఫోనులు బాగుచేయు దుకాణమున్నది. ఆయన ఏమని వ్రాసియుండునో చెప్పనక్కరలేదు. కొన్ని నెలలకు ఆ అయిదింటిని గూగుల్ వారు నిలిపివేసిరి. తినినవారు మెచ్చి వ్రాసిన మాటలును వానితోపాటు కనబడకుండ పోయినవి. నియమము స్పష్టము: అంగడి లేని వ్యాపారమునకు తాను సేవచేయు నగరప్రాంతమున ఒకే ప్రొఫైలు, పేరు లోకములో ఏది వాడుకలో నున్నదో అదియే, పోస్టుబాక్సు చిరునామా కాదు, పనివేళలలో తన మనుష్యులుండని అద్దె కార్యాలయమును చిరునామా కాదు.

వంటపెద్ద చేసినది చిన్న తప్పు. శిక్ష పెద్దదిగా కనబడును. దీనికి కారణము ఆయన కాదు. 2017లో గూగుల్ వారును, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌డియాగో పండితులును కలిసి పటములలోని దొంగ నమోదులను లక్షకు పైగా పరిశీలించిరి. వానిలో నూటికి నలుబదివరకు పిలిచిన యింటికి వచ్చు వృత్తులవే: తాళములు తీయువారు, కుళాయిపనివారు, విద్యుత్పనివారు. వానిలో పెద్దపాలు అమెరికాకును, మన దేశమునకును చెందినవి. 2019 జూన్ నెలలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక, పటములలో కోటికి పైగా దొంగ నమోదులున్నవని నిపుణుల అంచనాను ప్రకటించెను. అర్ధరాత్రి తాళముచెవి పోయి గుమ్మములో నిలుచున్నవాడు పదిమందిని విచారింపడు. మొదట కనబడినవానిని పిలుచును. అంగడి లేకుండుట మోసగానికి మరుగైనది. ఆ పాపఫలమును నిజముగా అంగడి లేని నిజాయితీపరుడు అనుభవించుచున్నాడు. అతనిని అనుమానించుటయే నియమమైపోయినది.

కావున అతడు తాను నిజముగా నున్నానని ఋజువు చూపవలెను. పూర్వము టపాలో సంకేతసంఖ్య గల కార్డు పంపెడివారు. నేడు పెక్కుసారులు వీడియో అడుగుచున్నారు. ఏ పద్ధతి యనునది వారే నిర్ణయింతురు, మనము కోరుకొనుటకు వీలులేదు. వీడియో నడుమ తెంపులేక ఒకే పట్టున తీయవలెను. తానున్న వీథి, పనిముట్లు, వ్యాపారము తనదేయని తెలుపు ఆధారము అందుండవలెను. మన బాలుడు మొదటిసారి వీడియోను ఇంటిలోపలినుండి ప్రారంభించెను. వీథి కనబడనందున అది చెల్లలేదు. రెండవసారి సందు మొగనున్న వీథిపేరు పలకనుండి బయలుదేరి, నడచి వచ్చి, వంటసామగ్రి యుంచిన గది తలుపు తెరచెను. గుండిగలు, గంగాళములు, బాండీలు, గ్యాసు పొయ్యిలు వరుసగా చూపెను. ఉద్యమ్ నమోదు పత్రమును చూపెను. అన్నింటికంటె మిన్న యేమనగా, ప్రతి గుండిగ అంచున తాతగారి పేరు చెక్కియున్నది! ఎరువు పోయిన పాత్ర తిరిగి వచ్చుటకై ముప్పది యేండ్ల క్రిందట చెక్కించిన అక్షరములు ఈనాడు ఇట్లు సాక్ష్యమునకు వచ్చునని ఎవరు తలచిరి?

ఈ పనిలో వారు క్రొత్త ప్రొఫైలు తెరువలేదు. పాతవానిలో అసలైన దానిని ఉంచుకొని, పేరునకు తగిలించిన తోకలు తీసివేసి, నిజమైన ఇంటి చిరునామా నిచ్చి దాచి, పిమ్మట విజ్ఞాపన చేసుకొనిరి. అది మధ్యవర్తి ఖాతాలో నుండుటచే తమ పేర మార్పించుకొనుటకే కొన్ని వారములు పట్టినది. ప్రొఫైలునకు యజమాని వృత్తివాడే కావలెను. సహాయము చేయువారు నిర్వాహకులుగా నుండవచ్చును. ఇల్లు మనది, తాళముచెవి పరాయివానిది అన్నట్లు ఉండరాదు.

వివరణము వ్రాయుటకు ఏడువందల యేబది అక్షరముల చోటు కలదు. మనవంటి పొరుగు రాష్ట్రపు తెలుగువారికి ఇక్కడ ఆలోచింపదగిన విషయమొకటి కలదు. మల్లేశ్వరమున వెదకువారు కన్నడమున వెదకవచ్చును, ఇంగ్లీషున వెదకవచ్చును. మారతహళ్ళిలో క్రొత్తగా వచ్చిన యిల్లాలు తెలుగులో వెదకవచ్చును. పేరును లోకములో నున్నదున్నట్లు ఉంచి, వివరణమున కన్నడమును తెలుగును ఇంగ్లీషును కలిపి “ఆంధ్ర పద్ధతి పెండ్లి వంటలు, తెలుగు కన్నడ తమిళములు మాటలాడుదుము” అని వ్రాసికొనుట తాతగారికి ఉపకరించినది. ఆయన చేతి పులిహోర తిని మెచ్చినవారు తమ భాషలోనే వ్రాయుచున్నారు. వారికి బహుమానమిచ్చి వ్రాయించుకొనుట నిషిద్ధము. “మీకు తోచినది వ్రాయుడు” అని కోరుటకు అడ్డు లేదు.

విజ్ఞాపన అంగీకరింపబడి పాత మెచ్చుకోలు మాటలు తిరిగి కనబడినవి. ఆ సెల్‌ఫోనుల దుకాణము చూచి వెనుదిరిగిన తండ్రి గారి మాట కూడ తిరిగి వచ్చినది. దానిక్రింద తాతగారు క్షమాపణము వ్రాయించిరి. చివరకు పనివేళలు నింపునపుడు తాతామనుమలకు చిన్న వాదము జరిగినదట. ఆషాఢమున ముహూర్తములు లేవు గనుక ఆ నెల మూసియున్నట్లు వ్రాయుమని తాతగారు. పుట్టినరోజులకును, ఆబ్దికములకును ఆషాఢము అడ్డురాదని మనుమడు. తెరచియున్నట్లే వ్రాసిరి.