ముందు వేళలు, తర్వాతే జీతం

వత్సవాయిలో చంటిబిడ్డ తల్లి జగ్గయ్యపేటకో నందిగామకో వెళ్లి కొత్త పనిలో చేరతానంటే ఇంట్లోవాళ్లు మొదట అడిగేది "ఎంత ఇస్తారు?" అని. నేనైతే ముందు వేళలు అడుగుతాను. పని ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుంది? రాత్రిళ్లు రమ్మంటారా? బిడ్డకు జ్వరమొస్తే ఒక పూట సెలవు దొరుకుతుందా?

ఈ లెక్క ఎనభై ఏళ్ల కిందటే వేసుకున్న తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనో ఏట పెళ్లయింది. 1937లో భర్త పోయేనాటికి ఒళ్లో నాలుగు నెలల పాప. అప్పుడు మళ్లీ చదువు అందుకున్నారు. డాక్టరైతే అర్ధరాత్రి పాపను వదిలి రోగుల దగ్గరికి పోవాల్సి వస్తుందని ఆ దారి వద్దనుకున్నారు. ఇంజనీరు ఉద్యోగమైతే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. తండ్రి పప్పు సుబ్బారావు ప్రొఫెసరుగా ఉన్న గిండీ ఇంజనీరింగ్ కాలేజీలోనే 1940లో చేరి, దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరయ్యారు. తర్వాత భాక్రా నంగల్ ప్రాజెక్టు పనుల్లోనూ పాలుపంచుకున్నారు. ఆమె తెలివిని అందరూ మెచ్చుకుంటారు. ఆమె చదువుకుంటుంటే, ఉద్యోగం చేస్తుంటే, పాపను సాకడానికి అయినవాళ్లు నిలబడ్డారన్న మాట కూడా అంత గట్టిగా చెప్పుకోవాలి.

అందుకే పనిలో చేరకముందే, శిక్షణైతే కోర్సు ఫీజు కట్టకముందే, ఏ గంట నుంచి ఏ గంటదాకా బిడ్డ ఎవరి దగ్గర ఉంటాడో ఇంట్లో తేల్చుకోండి. "చూద్దాంలే" అన్న మాటను నమ్ముకుని చేరితే నెల తిరక్కుండా మానేయాల్సి వస్తుంది. మూడేళ్లు నిండితే అంగన్‌వాడీ ఉంది, పగలు కొంత గడిచిపోతుంది. అంతకు చిన్నవాళ్లయితే అమ్మమ్మో నాయనమ్మో కావాలి. మిరప కోతల రోజుల్లో, పత్తి తీతల్లో ఆ పెద్దావిడా చేలోనే ఉంటుంది. ఆ నెలలకు ఇంకో మనిషిని ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి.

రాకపోకల ఖర్చు ఇదివరకటంత భారం కాదు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, గుర్తింపు కార్డు దగ్గరుంటే చాలు. అయితే రాష్ట్రం దాటే సర్వీసులకు ఇది వర్తించదు. తెలంగాణలోని మధిర, ఖమ్మం వైపు పని చూసుకునేవాళ్లు ఛార్జీలు లెక్కలో వేసుకోవాలి. ఛార్జీ లేకపోయినా గంటలు ఖర్చవుతాయి. ఆఖరి బస్సు తప్పితే ఇల్లు చేరే దారేమిటో కూడా ముందే చూసుకోండి.

బీఈడీ, డీఈడీ చదివి పెళ్లితో ఆగిపోయినవాళ్లు ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ రాయండి. 2021 నుంచి టెట్ అర్హత జీవితాంతం చెల్లుతుంది, కాబట్టి బిడ్డ చిన్నగా ఉన్నప్పుడు సంపాదించినా వృథా పోదు. ప్రైవేటు బడిలో జీతం తక్కువే, అది న్యాయం కాదని నేనూ అంటాను. కానీ బిడ్డ బడీ మీ బడీ ఒకే వేళకు వదలడం కొన్నేళ్లపాటు పెద్ద ఊరట.

ఇంట్లోనే మిషను కుట్టేవాళ్లకు పీఎం విశ్వకర్మ ఉంది. దర్జీ పని అందులోని 18 వృత్తుల్లో ఒకటి. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, ఆపైన 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా అప్పు. ఇంటికి ఒక్కరికే ఇస్తారు, ఆ పని ఇప్పటికే చేస్తూ ఉండాలి. చిన్న వ్యాపారమైతే ముద్ర శిశు రుణం 50,000 దాకా హామీ లేకుండా వస్తుంది. ఏ అప్పైనా మొదటి ఏడాది కొద్దిగానే తీసుకోండి. బిడ్డకు ఒంట్లో బాగాలేని నెలలో కూడా వాయిదా ఆగదు.

చివరిగా భర్తలకు, అత్తమామలకు ఒక మనవి. ఆమె శిక్షణకు వెళ్లే రోజుల్లో బిడ్డకు స్నానం, అన్నం, నిద్ర మీరు చూసుకోండి. సాయంత్రం ఆమె బస్సు దిగి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడికి ఉండాలి.