పట్టుగూడు ధర ఎక్కడ తేలుతుంది?

శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పట్టుపురుగులు పెంచే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో ఆడవాళ్లకు నిద్ర తక్కువ. పొద్దున్నే తోటకు పోయి మల్బరీ ఆకు కోసుకు రావాలి. పురుగులకు వేయాలి. మధ్యాహ్నం మళ్లీ వేయాలి. రాత్రి మళ్లీ వేయాలి. పురుగు నాలుగుసార్లు జ్వరం పడి లేస్తుంది. నాలుగో జ్వరం లేచాక దాని ఆకలి ఇంతా అంతా కాదు. అప్పుడు ఇంట్లో మనుషుల తిండి సంగతి ఎవరికీ గుర్తుండదు. దాదాపు నెల రోజులు ఇలా సాకితే పురుగు గూడు కడుతుంది.

గూళ్లను మార్కెట్టుకు తీసుకుపోతారు. అక్కడ వేలం జరుగుతుంది. దారం తీసే రీలర్లు వచ్చి పాడుకుంటారు. తన దారం ఎంతకు అమ్ముడుపోతుందో చూసుకునే రీలరు పాట పెడతాడు. దారం ధర పడితే గూడు ధర కూడా పడుతుంది.

మరి దారం ధర ఎక్కడ తేలుతుంది? మన ఊళ్లో కాదు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పట్టు తీసే దేశం చైనా. తర్వాత మన దేశమే. అయినా మన నేతకు మన పట్టు చాలదు. అందుకే చైనా దారం మన దేశానికి వస్తుంది. 2000 తర్వాత అది మరీ చౌకగా రాసాగింది. మన దారాన్ని అడిగేవాళ్లు తగ్గారు. గూళ్ల ధర పడింది. కొందరు రైతులు మల్బరీ తోటలే పీకేశారు.

చౌకగా అమ్మడం తప్పా? తప్పు కాదు. తక్కువ ఖర్చుతో తయారుచేసి తక్కువకు అమ్మితే అది వాళ్ల నేర్పు. కాని తమ దేశంలో వంద రూపాయలకు అమ్మే సరుకును మన దేశంలో డెబ్బైకే అమ్మితే? దాన్ని డంపింగ్ అంటారు. అంటే తగని ధరకు తెచ్చి కుమ్మరించడం. ఒక్కోసారి అక్కడి ప్రభుత్వం డబ్బు సాయం చేయడం వల్ల సరుకు చౌక అవుతుంది. దానికి వేరే విచారణ, వేరే సుంకం ఉన్నాయి.

డంపింగ్ మీద ఫిర్యాదును ఢిల్లీలో వాణిజ్య శాఖ అధికారులు విచారిస్తారు. వాళ్లు ముఖ్యంగా మూడు సంగతులు చూస్తారు. సరుకు నిజంగా తగని ధరకు వస్తోందా? మనవాళ్లకు నష్టం కలిగిందా? ఆ నష్టం ఈ సరుకు వల్లనే కలిగిందా? మూడోది తేల్చడం కష్టం. వాన లేక ఆకు ఎండిపోవచ్చు. రోగం తగిలి పురుగు చచ్చిపోవచ్చు. ఆ నష్టాన్ని చైనా దారం మీద వేయడానికి లేదు.

విచారణలో కన్నీళ్లు లెక్కకు రావు. కాగితాలు కావాలి. ఎంత తయారుచేశారు, ఎంత ఖర్చయింది, ఎంతకు అమ్మారు, అన్నీ రాసి చూపాలి. ఫిర్యాదు చేసినవాళ్లే కాదు, సరుకు అమ్మిన విదేశీయులు, తెప్పించుకున్న వ్యాపారులు, వాడుకునేవాళ్లు కూడా తమ మాట చెప్పుకోవచ్చు. మామూలుగా ఏడాదిలో తేల్చాలి. కొన్నిసార్లు ఏడాదిన్నర పడుతుంది. ఈలోగా పురుగులు పెంచే ఇంట్లో ఎన్ని పంటలు వచ్చిపోతాయో!

చైనా పట్టు దారం మీద ఇలాగే విచారణ జరిగింది. 2003లో ప్రభుత్వం సుంకం వేసింది. కిలోకు 27.97 డాలర్లు అని ఒక గీత గీసింది. డాలరు అంటే అమెరికా డబ్బు. దారం మన రేవు చేరేసరికి ధర ఆ గీతకు తక్కువైతే, తక్కువైనంత సుంకంగా కట్టాలి. 24 డాలర్లకు వచ్చిందనుకుందాం. 3.97 డాలర్ల సుంకం పడుతుంది. ఇలాంటి సుంకం ఎప్పటికీ ఉండదు. మామూలుగా ఐదేళ్లకు వేస్తారు. మళ్లీ విచారించి అవసరమైతే పొడిగిస్తారు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఒక ఇంటి సంగతి అనుకుందాం. అక్క హిందూపురం దగ్గర పురుగులు సాకుతుంది. చెల్లెలిని ధర్మవరం ఇచ్చారు. వాళ్లది మగ్గం ఇల్లు. పండక్కి పుట్టింటికి వచ్చినప్పుడు ఇద్దరికీ మాట పడింది.

"సుంకం వేశాక మా గూడుకు కాస్త ధర వస్తుందే" అంది అక్క.

"నీకు బాగానే ఉంటుంది. పడుగుకు సమంగా, తెగకుండా ఉండే దారం కావాలి. చైనా దారం అట్లా ఉంటుంది. దాని ధర పెరిగితే చీర ధర పెంచాలి. పెంచితే కొనేదెవరు?" అంది చెల్లెలు.

"అట్లని మేం తోట పీకేసుకోవాలా?"

"మేం మగ్గం ఆపుకోవాలా మరి?"

అమ్మ ఇద్దరికీ అన్నం వడ్డించింది. ఎవరి పక్కా మాట్లాడలేదు. ఏమని మాట్లాడుతుంది!

ప్రభుత్వం కూడా ఈ ఇద్దరి మధ్యే నలిగింది. విదేశీ దారం మీద మామూలు దిగుమతి సుంకం వేరే ఉంటుంది. 2011 బడ్జెట్‌లో దాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. నేతవారికి మేలని అన్నారు. పట్టు రైతులు రోడ్డెక్కారు. 2013లో దాన్ని 15 శాతం చేశారు.

లెక్క చేయండి:

2003 గీత ప్రకారం కిలో దారం 26 డాలర్లకు వస్తే ఎంత సుంకం కట్టాలి? 30 డాలర్లకు వస్తే?

వెయ్యి రూపాయల దారం మీద 30 శాతం సుంకం ఎంత? 5 శాతం ఎంత? 15 శాతం ఎంత? ఏది అక్కకు మేలు, ఏది చెల్లెలికి మేలు? పక్కవాళ్లతో మాట్లాడండి.