ముద్ద ముట్టని బిడ్డ – తల్లి తెలుసుకోవలసిన సంగతులు

మా పిల్లల విభాగానికి వచ్చే తల్లులలో చాలామంది చెప్పే మాట ఒకటే: "మా బాబు ఏమీ తినడం లేదు, ఆకలి పుట్టే టానిక్ ఏదైనా రాయండి." బిడ్డ జ్వరం గురించి కంటె కూడా బిడ్డ తినకపోవడం గురించే వారు ఎక్కువ బాధపడతారు. ఇంటిలో అత్తగారు ఒక మాట అంటుంది, పక్కింటివారు మరొక మాట అంటారు. చివరకు ప్రతి పూట భోజనం తల్లికీ బిడ్డకూ మధ్య యుద్ధంగా మారుతుంది. ఏడాది నుండి మూడేళ్ళ లోపు పిల్లలు అన్నం ఎందుకు తినరు, ఓర్పుతో వారికి ఎలా అలవాటు చేయాలి, ఎప్పుడు డాక్టరుకు చూపించాలి అనే విషయాలు ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒక పాప సంగతి

ఒక రోజు ఒక నాయనమ్మ, కోడలు పద్దెనిమిది నెలల పాపను తీసుకొని వచ్చారు. "డాక్టరమ్మా, ముద్ద నోట్లో పెడితే ఉమ్మేస్తది. ఒక్క పాలు మాత్రం తాగుద్ది. పాలన్నా తాగుతున్నది కదా అని ఊరుకున్నాం" అని ఆ పెద్దావిడ చెప్పింది. ఎన్ని పాలు తాగుతుందని అడిగితే, రోజుకు ఐదారు సీసాల గేదెపాలు, అంటే దాదాపు లీటరు అని తెలిసింది. రాత్రి నిద్రలో కూడా సీసా నోటిలోనే ఉంటుందట. పాప బరువు 8.6 కిలోలు. చూడటానికి మరీ చిక్కిపోయినట్లు లేదు. కాని కనురెప్ప లోపల, అరచేతులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. గోడసున్నం గీకి తింటోందని తల్లి మెల్లగా చెప్పింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.4 మాత్రమే ఉంది. ఆ వయసులో కనీసం 10.5 ఉండాలి.

ఆ ఇంటిలో బిడ్డమీద ప్రేమకు లోటు లేదు, పాలకూ లోటు లేదు. అయినా బిడ్డ రక్తంలో ఇనుము లేదు. గేదెపాలలో గాని, ఆవుపాలలో గాని ఇనుము చాలా తక్కువగా ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఒకటి నుండి మూడేళ్ళ బిడ్డకు రోజుకు 8 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పాలతో పొట్ట నిండిపోతే అన్నానికి చోటు ఉండదు. ఇనుము తగ్గిన కొద్దీ ఆకలి ఇంకా చచ్చిపోతుంది. ఆకలి లేదని మళ్ళీ పాలు పడతాం. ఇది గానుగెద్దు తిరిగినట్లు తిరుగుతూనే ఉంటుంది.

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆరు నెలల నుండి ఐదేళ్ళ లోపు పిల్లలలో ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది.

ఏడాది దాటాక ఆకలి ఎందుకు తగ్గుతుంది?

తల్లులు ముందుగా ఒక సంగతి గ్రహించాలి. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది నిండేసరికి సుమారు తొమ్మిది కిలోలు అవుతుంది. అంటే మొదటి ఏడాదిలో ఆరు కిలోలు పెరుగుతుంది. రెండవ ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలు మాత్రమే. పెరుగుదల వేగం తగ్గినప్పుడు ఆకలి కూడా కొంత తగ్గడం సహజం. అదే సమయంలో బిడ్డకు నడక వస్తుంది, ఆటమీద ధ్యాస పెరుగుతుంది. "వద్దు" అనే మాట కూడా అప్పుడే నేర్చుకుంటుంది. కొత్త రుచి, కొత్త రంగు చూస్తే అనుమానంగా మొహం తిప్పుకుంటుంది. ఇదంతా రోగం కాదు.

రెండవ సంగతి, బిడ్డ పొట్ట చాలా చిన్నది. కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్ల చొప్పున పడుతుంది. తొమ్మిది కిలోల బిడ్డ ఒక పూటకు 270 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసున్నర కంటె కొంచెం ఎక్కువ మాత్రమే తినగలదు. ఆ చిన్న చోటులో పలుచని జావ, పప్పునీళ్ళు, చారునీళ్ళు పోస్తే పొట్ట నిండుతుంది గాని బలం రాదు. అందుకే ఆహారం చెంచాలో నుండి జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. అందులో ఒక చెంచా నెయ్యి గాని, నూనె గాని కలిపితే అంతే ముద్దలో ఎక్కువ శక్తి దొరుకుతుంది.

ఏ వయసులో ఎంత?

ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు మెత్తని ఆహారం ప్రారంభించాలి. తల్లిపాలు రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వవచ్చు.

6–8 నెలలు: రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి క్రమంగా అర కప్పు వరకు, రోజుకు 2–3 సార్లు. మెత్తగా మెదిపినది.

9–11 నెలలు: అర కప్పు, రోజుకు 3–4 సార్లు. సన్నని పలుకులు, వేళ్ళతో పట్టుకొని తినే ఇడ్లీ ముక్క, ఉడికించిన క్యారెట్ ముక్క.

12–23 నెలలు: ముప్పావు కప్పు నుండి నిండు కప్పు, రోజుకు 3–4 సార్లు, మధ్యలో ఒకటి రెండు చిరుతిండ్లు. ఇంటిల్లిపాదీ తినే ఆహారమే, కారం తగ్గించి.

ఇక్కడ కప్పు అంటే 250 మిల్లీలీటర్ల కప్పు. ఇవి ఒక అంచనా మాత్రమే. బిడ్డ ఒక పూట తక్కువ, ఒక పూట ఎక్కువ తింటుంది. ఒక పూటను బట్టి కాదు, వారం మొత్తం మీద ఏమి తిన్నదో చూడండి.

ఏడాది దాటినా అన్నీ మిక్సీలో వేసి పెట్టే తల్లులున్నారు. ఇది మంచిది కాదు. పది నెలలలోపు పలుకులు అలవాటు కాని పిల్లలు తరువాత నమలడానికి మొండికేస్తారు. మెత్తనిదానికే అలవాటైన బిడ్డకు ఒక్కసారిగా అన్నం పెట్టకండి. మొదట మిక్సీ మాని చేతితో మెదపండి, వారం తరువాత కొంచెం తక్కువగా మెదపండి. కొత్త పలుకు నోటికి తగిలినప్పుడు బిడ్డ ఒకటి రెండు సార్లు ఓకరించవచ్చు. దానికి భయపడి వెనుకకు పోవద్దు.

అలవాటు చేసే పద్ధతి

1. వేళ పాటించండి. రెండున్నర, మూడు గంటలకు ఒకసారి ఏదో ఒకటి పెట్టండి. మధ్యలో మంచినీళ్ళు తప్ప బిస్కెట్లు, పాలు, టీ, ప్యాకెట్ తిండి వద్దు. ఆకలి వేయని బిడ్డకు అమృతం పెట్టినా చేదే.

2. పాలు తగ్గించండి. ఏడాది దాటిన బిడ్డకు గేదెపాలు, ఆవుపాలు రోజుకు అర లీటరు మించకూడదు. సీసా మాని గ్లాసుతో తాగించండి. భోజనం ముందు పాలు ఇవ్వవద్దు.

3. అందరితో కూర్చోబెట్టండి. బిడ్డకు ఒక చిన్న పళ్ళెం వేరుగా పెట్టండి. తన చేతితో తిననివ్వండి. సగం కిందపడుతుంది, బట్టలు పాడవుతాయి. పడనివ్వండి. చూసి నేర్చుకునే వయసు అది. నాన్న ఆకుకూర పక్కకు నెట్టేస్తే బిడ్డ కూడా అదే చేస్తుంది.

4. కొత్తది కొంచెమే పెట్టండి. బిడ్డకు ఇష్టమైన దాని పక్కన కొత్త కూర ఒక చెంచా పెట్టండి. ఉమ్మేస్తే కోప్పడకుండా తీసివేసి, రెండు రోజుల తరువాత మళ్ళీ పెట్టండి. కొందరు పిల్లలు పది పదిహేను సార్లు చూసిన తరువాత గాని ఒక రుచిని ఒప్పుకోరు. చాలామంది తల్లులు మూడు నాలుగు సార్లకే "మా వాడికి ఇది పడదు" అని నిర్ణయిస్తారు.

5. ఏమి పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది తల్లి పని. ఎంత తినాలి అనేది బిడ్డ పని. నోరు మూసుకున్నా, తల తిప్పుకున్నా ఆ పూటకు చాలని అర్థం. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలలో పళ్ళెం తీసివేయండి. "తినలేదు కదా" అని వెంటనే పాలు పట్టకండి. తరువాతి వేళకు మళ్ళీ పెట్టండి.

బిడ్డను నమ్మవచ్చా అని మీకు సందేహం రావచ్చు. అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టరు పాలు మాన్పిస్తున్న వయసు పిల్లల ముందు ముప్పైకి పైగా సాదా పదార్థాలు ఉంచి, ఇష్టమైనది తిననిచ్చింది. పదిహేను మంది పిల్లలను అలా పెంచి 1939లో ఫలితాలు వెల్లడించింది. వారందరూ చక్కగా పెరిగారు. అయితే ఆ పళ్ళేలలో పంచదార గాని, బిస్కెట్లు గాని లేవు. ఎన్నుకోవడం పిల్లల వంతు, మంచివి మాత్రమే ముందు ఉంచడం పెద్దల వంతు. ఇదే ఆవిడ చెప్పిన కిటుకు.

ఏమి పెట్టాలి?

పప్పు కలిపిన అన్నం, పెసరపప్పు కిచిడీ, ఇడ్లీ, మెత్తని ఉప్మా, రాగి సంకటి, ఉడికించిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప, మెత్తగా ఉడికిన కోడి కాలేయం, తోటకూర, మునగాకు పప్పు, అరటిపండు, బొప్పాయి, జామపండు గుజ్జు. ఇనుము కాలేయం, మాంసం, చేపల నుండి బాగా ఒంటబడుతుంది. పప్పు, ఆకుకూరలలోని ఇనుము ఒంటబట్టాలంటే నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, లేదా జామపండు పెట్టండి. టీ ఆ ఇనుమును అడ్డుకుంటుంది. పిల్లలకు టీ ఇవ్వవద్దు.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం బిడ్డకే పెట్టండి. అందులో పంచదార కలిసే ఉంటుంది, మళ్ళీ కలపనవసరం లేదు.

చేయకూడనివి

ముక్కు మూసి, కాళ్ళమీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోయవద్దు. ఆహారం ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఏడుస్తున్న బిడ్డ నోటిలో ముద్ద కుక్కవద్దు.

సెల్‌ఫోన్ చూపిస్తూ తినిపించవద్దు. బిడ్డకు తాను ఏమి తింటున్నదో, ఎప్పుడు పొట్ట నిండిందో తెలియదు. మన అమ్మమ్మలు కథ చెబుతూ, చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టారు. ఆ కథలో తల్లి ముఖం ఉంది, మాట ఉంది. ఫోనులో అవి లేవు.

"ఇది తింటే చాక్లెట్ ఇస్తా" అని ఆశ పెట్టవద్దు. "బూచోడు వస్తాడు" అని భయపెట్టవద్దు.

వేరుశెనగ గింజలు, పుట్నాలు, గుండ్రని ద్రాక్షపండ్లు నాలుగేళ్ళ లోపు పిల్లలకు అలాగే ఇవ్వవద్దు. గింజలను పొడి చేసి, ద్రాక్షను నిలువుగా కోసి ఇవ్వండి. ఏడాది దాటిన బిడ్డకు ముక్క గొంతులో అడ్డుపడి, ఏడుపు గాని దగ్గు గాని రాకపోతే, ముందుకు వంచి రెండు రెక్కల మధ్య అరచేతి మొదలుతో ఐదుసార్లు గట్టిగా చరచండి. అప్పటికీ రాకపోతే వెనుక నుండి పట్టుకొని, బొడ్డు పైభాగాన పిడికిలితో లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కండి. ఇలా మార్చి మార్చి చేస్తూ ఉండగా మరొకరు 108కి ఫోన్ చేయాలి. కనబడని ముక్క కోసం వేలు పెట్టి గెలకవద్దు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

బరువు రెండు మూడు నెలలుగా పెరగకపోయినా, తగ్గినా, బిడ్డ పాలిపోయి ఉన్నా, మట్టి, సున్నం, బలపం తింటున్నా, మింగేటప్పుడు పొలమారుతున్నా, తరచు వాంతులు, విరేచనాలు అవుతున్నా, నడక, మాటలు ఆలస్యమైనా వెంటనే చూపించండి. అంగన్‌వాడీలో జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల కంటె తక్కువ ఉంటే పోషణ లోపం ఉన్నట్లు, 11.5 కంటె తక్కువ ఉంటే ప్రమాదకరమని గుర్తు. టానిక్‌లు సొంతంగా కొని పోయవద్దు. ఏడాది దాటిన బిడ్డకు నులిపురుగుల మందు ఏటా రెండుసార్లు వేయించండి.

ఆ పాప ఏమైంది?

పాపకు ఇనుము సిరప్ రాసి ఇచ్చాము. మలం నల్లగా వస్తుందని, భయపడవద్దని ముందే చెప్పాము. సీసా మాన్పించమన్నాము. మొదటి నాలుగు రాత్రులు పాప ఏడ్చింది, నాయనమ్మ కూడా ఏడ్చింది. ఒక రాత్రి మళ్ళీ సీసా ఇచ్చేశామని తరువాత ఒప్పుకున్నారు. పదవ రోజున పాప తాతయ్య పళ్ళెంలో చేయి పెట్టి పప్పన్నం తీసుకొని తిన్నదట. మూడు నెలలకు హిమోగ్లోబిన్ 10.9కి వచ్చింది. సున్నం తినడం మానింది. ఇప్పటికీ వంకాయ ముట్టదు. వంకాయ తినకపోయినా పరవాలేదు.

మార్కు సువార్త అయిదవ అధ్యాయంలో యాయీరు కుమార్తె సంగతి మనకు తెలుసు. ప్రభువు ఆ చిన్నదానిని లేపిన తరువాత, అందరూ ఆశ్చర్యంలో మునిగి ఉండగా, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమని ఇంటివారికి గుర్తుచేశాడు. అంత గొప్ప కార్యం జరిగిన చోట కూడా బిడ్డ ఆకలిని ఆయన మరువలేదు. బిడ్డకు ఓర్పుగా పెట్టే ప్రతి ముద్ద కూడా ప్రార్థనవంటి సేవే.

ఇంటిలో మాట్లాడుకోండి

1. మీ బిడ్డ రోజుకు ఎన్ని పాలు తాగుతుంది? ఒక రోజంతా కొలిచి చూడండి.
2. భోజనాల మధ్య ఎవరెవరు ఏమేమి చేతికిస్తున్నారు?
3. ఈ వారంలో మీ ఇంటి భోజనం వేళ బిడ్డకు సొంత పళ్ళెం పెట్టారా?
4. బిడ్డ బరువు చివరిసారి ఎప్పుడు చూశారు? కార్డు మీద రాయించారా?